పాత మిల్లులో కొత్త ఆఫీసు: కుర్చీ అద్దెకు తీసుకునే ముందు

ఫాక్‌లాండ్ రోడ్, కామాఠిపురా చాళ్లలోని మన పిల్లలు ఇప్పుడు చేసే పనులు మా తరం వాళ్లకు ఒక పట్టాన అర్థం కావు. ఒకడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఒక అమ్మాయి బ్లౌజు డిజైన్లు కంప్యూటర్లో గీసి, కుట్టించి, ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి దుకాణాల ప్రకటనలకు బొమ్మలు వేస్తారు. ఈ పనులకు కావలసింది లాప్‌టాప్, కరెంటు, ఇంటర్నెట్, ఫోన్లో ఎదుటివాడి మాట వినబడేంత నిశ్శబ్దం. పది బై పన్నెండు ఖోలీలో మొదటి మూడూ దొరుకుతాయి. నాలుగోది దొరకదు. గిరాకీ వాళ్లను ఇంటికి పిలుద్దామంటే ఈ వీధి పేరు వినగానే ముఖం అదోలా పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు.

అందుకే లోయర్ పరేల్ మిల్లు ఆవరణల్లో, ఫోర్ట్, బల్లార్డ్ ఎస్టేట్ పాత భవనాల్లో నెలవారీగా ఇచ్చే ఆఫీసుల వైపు వాళ్ల చూపు పడింది. గ్రాంట్ రోడ్‌లో లోకల్ ఎక్కితే మూడో స్టేషన్ లోయర్ పరేల్. "తీసుకోమంటారా కాకా?" అని సంఘం ఆఫీసుకు వచ్చి అడిగే పిల్లలు పెరిగారు. వాళ్ల వెనకాల తండ్రులు కూడా వస్తున్నారు. వాళ్ల ప్రశ్న వేరు: "గల్లీలో ఉన్న పగ్డీ గాలా ఇచ్చేసి, ఆ డబ్బుతో పిల్లవాడికి అక్కడ ఆఫీసు పెట్టిద్దామా?" మొదటి ప్రశ్నకు అవుననో కాదనో సులువుగా చెప్పవచ్చు. రెండో ప్రశ్న ఇంటి ఆస్తికి సంబంధించినది, దానికి తొందరపడి జవాబు చెప్పకూడదు.

ముందు ఈ ఫ్లెక్సిబుల్ ఆఫీసు అంటే ఏమిటో చూద్దాం. ఒక నిర్వాహకుడు పెద్ద జాగా ఒకటి యజమాని దగ్గర కొన్నేళ్లకు తీసుకుంటాడు. బల్లలు, కుర్చీలు, ఏసీ, ఇంటర్నెట్, మీటింగు గది, టీ యంత్రం, బయట ఒక రిసెప్షన్ ఏర్పాటు చేస్తాడు. ఆ తర్వాత దాన్ని చిన్న ముక్కలుగా ఇస్తాడు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చునే కుర్చీ ఒక రకం, పేరు రాసిపెట్టిన సొంత బల్ల ఇంకో రకం, నలుగురికో ఆరుగురికో తలుపున్న గది మరో రకం. రోజుకు, నెలకు, ఏడాదికి ఇస్తారు. మనిషి పెరిగితే ఇంకో కుర్చీ తీసుకుంటారు, పని తగ్గితే వదిలేస్తారు. జాగా పంచుకోవడం మనవాళ్లకు కొత్త కాదు లెండి. మిల్లుల కాలంలో ఒకే ఖోలీలో పగటి పాళీ వాళ్లు రాత్రి, రాత్రి పాళీ వాళ్లు పగలు పడుకునేవారు. చాప ఒకటే, మనుషులు మారేవారు. అప్పుడు దాన్ని పేదరికం అన్నారు, ఇప్పుడు కో-వర్కింగ్ అంటున్నారు.

ఈ ఆఫీసులు పాత మిల్లుల్లోకి ఎందుకు వచ్చాయన్నది మన చరిత్రే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. బొంబాయిలో మొదటి బట్టల మిల్లును కావస్‌జీ దావర్ 1854లో మన పక్కనే తాడ్‌దేవ్‌లో తలపెట్టాడు. అప్పటికే ఇక్కడ ఇళ్లు, రోడ్లు కట్టే పనికి నిజాం ప్రాంతం నుంచి వచ్చిన కామాఠీలు ఉన్నారు, వాళ్ల పేరే ఈ పేటకు నిలిచింది. మిల్లులు పెరిగాక కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మన పద్మశాలీలు వచ్చి సాంచాల దగ్గర నిలబడ్డారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ సమ్మె తర్వాత చాలా మిల్లులు మళ్లీ కోలుకోలేదు. మనవాళ్లలో కొందరు భివండీ మరమగ్గాలకు పోయారు, కొందరు ఊరికి తిరిగిపోయారు.

మిల్లు ఆగింది, కట్టడం మిగిలింది. దాన్ని ఏం చేయాలన్నదానికి 1991 అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 58వ నిబంధన వచ్చింది. మిల్లు కూల్చి భూమిని కొత్తగా కట్టుకుంటే, దాదాపు మూడో వంతు ఖాళీ జాగాగా బీఎంసీకి, మూడో వంతు ఇళ్ల కోసం మ్హాడాకు పోవాలి, మిగతాది యజమానికి. ఉన్న షెడ్డును ఉన్నట్టే ఉంచి లోపల వ్యాపారానికి వాడుకుంటే ఈ పంపకం ఉండదు. యజమానులు ఏం చేసి ఉంటారో మీరే ఊహించుకోవచ్చు. గోడలు, చిమ్నీ నిలబెట్టి లోపల దుకాణాలు, ఆఫీసులు పెట్టడం అలా లాభసాటి అయింది. 2001లో ఈ నిబంధనను మార్చి, పంపకాన్ని మిల్లులో ముందు నుంచీ ఖాళీగా ఉన్న జాగాకే పరిమితం చేశారు. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మార్పును నిలబెట్టింది. అప్పటి నుంచి కూల్చి టవర్లు కట్టడమూ సులువైపోయింది. కార్మికులకు రావలసిన ఇళ్ల జాగా ఎంత తగ్గిందో మ్హాడా లాటరీకి దరఖాస్తు పెట్టుకొని కూర్చున్న కుటుంబాలకు తెలుసు. కాబట్టి పాత కట్టడాన్ని కాపాడారని ఎవరైనా పొగిడితే నేను సగమే ఒప్పుకుంటాను.

కట్టడం మాత్రం మంచిదే, అందులో సందేహం లేదు. నేత షెడ్డు కప్పు రంపం పళ్లలా ఉంటుంది, అద్దాలన్నీ ఉత్తరం వైపు తిరిగి ఉంటాయి. ఎండ నేరుగా పడదు, వెలుతురు రోజంతా ఒకే తీరుగా వస్తుంది. తెగిన పోగు కంటికి కనబడాలని అలా కట్టారు. ఇప్పుడు అదే వెలుతురు ఫొటోలు తీసేవాళ్లకు, బొమ్మలు గీసేవాళ్లకు పనికొస్తోంది. ఇనుప స్తంభాల మధ్య దూరం ఎక్కువ, కప్పు ఎత్తు ఎక్కువ, నేల బరువైన యంత్రాలను మోసినది. గోదాము సంగతి వేరు. అది సరుకు కోసం కట్టినది, మనుషుల కోసం కాదు. మందపాటి గోడలు, తక్కువ కిటికీలు, పెద్ద తలుపు ఒకటి. అందులో వంద మందిని కూర్చోబెట్టాలంటే గాలి, వెలుతురు, మరుగుదొడ్లు, రెండో దారి కొత్తగా కల్పించాలి. సాసూన్ డాక్ 1875 నాటిది. 2017 చివర్లో అక్కడి పాత గోదాముల్లో చిత్రకళా ప్రదర్శన పెడితే నగరమంతా వెళ్లి చూసింది, మన పిల్లలూ వెళ్లారు. బల్లార్డ్ ఎస్టేట్‌లో పాత ఐస్ ఫ్యాక్టరీ ఒకటి కళావేదిక అయింది. ఇలాంటి చోట్ల పనిచేయాలని కుర్రవాళ్లకు ఆశ పుట్టడంలో తప్పు లేదు.

కళాకారులు, డిజైనర్లు పాత గోదాములకు చేరడం అన్ని దేశాల్లో జరిగిందే. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లోని కస్టర్డ్ పొడి ఫ్యాక్టరీ 1990లలో చిన్న స్టూడియోలుగా మారింది. న్యూయార్క్ సోహోలో ఖాళీ పడ్డ గోదాములను చిత్రకారులు చౌకగా అద్దెకు తీసుకున్నారు. కొత్త భవనం కట్టినవాడు అప్పు తీర్చుకోవాలి కాబట్టి అద్దె ఎక్కువ అడుగుతాడు. పాత భవనం అప్పు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది కాబట్టి తక్కువకు ఇవ్వగలడు, అక్కడ సూత్రం ఇదే. అయితే వాళ్లు వచ్చాక ఆ పేటకు పేరు వచ్చింది, పేరుతో హోటళ్లు, పెద్ద దుకాణాలు వచ్చాయి, అద్దెలు పెరిగాయి, చిత్రకారులు వెళ్లిపోయారు. లోయర్ పరేల్‌లో తేడా ఏమిటంటే మొదటి చౌక దశ చాలా చిన్నది. మథురాదాస్ మిల్లు ఆవరణలో 2007లో బ్లూ ఫ్రాగ్ అనే సంగీత క్లబ్బు తెరిచారు. ఎంత పేరున్నా 2016లో అది అక్కడ మూతపడింది. పేరున్నవాళ్ల సంగతే అలా ఉంటే నెలకు రెండు కుర్చీలు తీసుకునే మనవాడు పదేళ్లు అదే చోట ఉంటానని లెక్క వేసుకోకూడదు.

ఇక అసలు విషయం. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఒప్పందాలు, రసీదులు, ఫైళ్లు చూసినవాణ్ని కాబట్టి ఇక్కడ కాస్త ఓపిక పట్టమని కోరుతున్నాను.

గల్లీలో మీ గాలా పగ్డీది. అంటే మీరు అద్దెదారు, చట్టం రక్షించే అద్దెదారు. 1947 బొంబాయి అద్దె చట్టం, దాని తర్వాత 2000 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చిన 1999 మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం మీ వెనక ఉన్నాయి. పగ్డీ తీసుకోవడం ఒకప్పుడు నేరం, 1999 చట్టం 56వ సెక్షన్‌తో చట్టబద్ధమైంది. చట్టంలో ఉన్న కారణాలు చూపి కోర్టులో గెలిస్తే తప్ప యజమాని మిమ్మల్ని ఖాళీ చేయించలేడు. అద్దె నామమాత్రం.

ఫ్లెక్సిబుల్ ఆఫీసులో మీ పిల్లవాడు అద్దెదారు కాడు. అతని చేతిలో ఉండేది లైసెన్సు, ఇంకా చెప్పాలంటే చాలా చోట్ల సభ్యత్వ ఒప్పందం. 1882 నాటి ఈస్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం లైసెన్సు అంటే ఒకరి జాగాలో ఫలానా పని చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి, ఆ జాగా మీద హక్కు కాదు. మన పాతవాళ్లకు ఇంకో తేదీ గుర్తుండాలి, 1973 ఫిబ్రవరి 1. ఆ రోజుకు లైసెన్సు మీద జాగాలో ఉన్నవాళ్లను అద్దె చట్టంలో 15ఏ సెక్షన్ చేర్చి అద్దెదారులుగా గుర్తించారు. మన వీధుల్లో కొందరి హక్కు అలా వచ్చిందే. ఆ మాట విని, "కొన్నేళ్లు ఉంటే ఇక్కడా హక్కు వస్తుందిలే" అనుకునే తండ్రులు ఉన్నారు. రాదు. అది ఆ ఒక్క తేదీకి ఇచ్చిన రక్షణ.

పైగా నిర్వాహకుడే ఇంకొకరి దగ్గర తీసుకున్నవాడు. అతనికీ అసలు యజమానికీ తగవు వచ్చినా, అతని వ్యాపారం మూతపడినా, నెలనెలా సక్రమంగా కట్టిన మనవాడు బయట నిలబడాలి. కాబట్టి సంతకం పెట్టేముందు నిర్వాహకుడి ఒప్పందం ఏ తేదీ దాకా ఉందో అడగాలి. డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో, దేనికి కోత పెడతారో రాసి ఉందో లేదో చూడాలి. ఎన్ని రోజుల నోటీసు, అది రెండు వైపులకూ ఒకటేనా, ఏడాదికి ఎంత పెంపు, మీటింగు గది ఎన్ని గంటలు ఉచితం, రాత్రి, ఆదివారం ఏసీ ఉంటుందా, ఇవన్నీ చిన్న అక్షరాల్లో ఉంటాయి. తలుపున్న గదిని లీవ్ అండ్ లైసెన్స్ మీద తీసుకుంటే ఒప్పందం రిజిస్టరు కావాలని 1999 చట్టం 55వ సెక్షన్ చెప్తుంది, ఆ బాధ్యత ఇచ్చేవాడిదే. రిజిస్టరు చేయకపోతే, షరతుల విషయంలో పుచ్చుకున్నవాడి మాటే, ఎదుటివాడు తప్పని రుజువు చేసేదాకా, చెల్లుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

డబ్బు లెక్క ఒకటి వేద్దాం. లెక్క తేలికగా ఉండటానికి కుర్చీకి నెలకు 10,000 రూపాయలు అనుకుందాం. దాని మీద జీఎస్‌టీ 18 శాతం, అంటే 11,800. ముగ్గురికి నెలకు 35,400. పదకొండు నెలలకు 3,89,400. జీఎస్‌టీ మామూలు పద్ధతిలో నమోదైన వ్యాపారమైతే ఆ 18 శాతాన్ని తాను కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు. సేవలు అందించేవాళ్లకు ఏడాదికి 20 లక్షల దాకా నమోదు అక్కర్లేదు, మనవాళ్లలో ఎక్కువమంది ఆ లోపలే. నమోదు లేకపోతే ఆ పన్ను వెనక్కి రాదు, ఖర్చులో కలిసిపోతుంది. ఆన్‌లైన్ కంపెనీల ద్వారా రాష్ట్రం దాటి సరుకు అమ్మేవాళ్లకు మాత్రం పరిమితితో పని లేదు, నమోదు తప్పదు. బ్లౌజులు అమ్మే మన అమ్మాయి ఈ కోవలోకే వస్తుంది.

నమోదుకు చిరునామా కావాలి. ఫ్లెక్సిబుల్ ఆఫీసు వల్ల అసలు లాభం నా దృష్టిలో ఇక్కడ ఉంది. వ్యాపార స్థలానికి ఒప్పందం, యజమాని సమ్మతి పత్రం, కరెంటు బిల్లు అడుగుతారు. పగ్డీ గాలాలో కరెంటు బిల్లు ఇప్పటికీ తాత పేరు మీదే, రసీదు పెద్దనాన్న పేరు మీద, సమ్మతి పత్రం అడిగితే యజమాని నెలలు తిప్పుకుంటాడు. ఆఫీసు నిర్వాహకులు ఈ కాగితాలు సిద్ధంగా ఇస్తారు. అయితే కుర్చీ ధరలోనే చిరునామా వాడకం కలిసి ఉందా, దానికి వేరే రుసుమా అన్నది ముందే తేల్చుకోవాలి. అధికారి చూడటానికి వస్తే అక్కడ మనిషి, బోర్డు కనబడాలి. ఆఫీసు వదిలేస్తే నమోదులో చిరునామా మార్చుకోవాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. గుమాస్తా లైసెన్సు గురించి కూడా అడుగుతున్నారు. 2017 చట్టం తర్వాత కొద్దిమంది పనివాళ్లే ఉన్నచోట ఆన్‌లైన్‌లో సమాచారం ఇస్తే చాలు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. 2017 డిసెంబరు 29న అర్ధరాత్రి దాటాక కమలా మిల్స్ ఆవరణలోని హోటళ్లలో మంటలు లేచి 14 మంది చనిపోయారు. మిల్లుల్లో, గోదాముల్లో ఆవరణ ఇరుకు, లోపల కట్టెలు, పరదాలు, తాత్కాలిక కప్పులు. అద్దె మాట్లాడే ముందు మెట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. రెండో దారి ఎక్కడో, దానికి తాళం వేశారో లేదో, ఆ దారిలో సామాన్లు పేర్చారో మీ కళ్లతో చూడండి. అగ్నిమాపక శాఖ అనుమతి చూపించమని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడవద్దు. కింద హోటలు ఉన్న భవనంలో పైన ఆఫీసు అయితే ఇంకా జాగ్రత్త.

ఇప్పుడు తండ్రుల ప్రశ్నకు వస్తాను. కామాఠిపురా గల్లీల పునర్నిర్మాణానికి ప్రభుత్వం 2023లో మ్హాడాకు బాధ్యత అప్పగించిన సంగతి అందరికీ తెలుసు. ఇళ్లకు 500 చదరపు అడుగులు అని చెప్తున్నారు, మన మీటింగుల్లోనూ ఆ అంకె చుట్టూనే మాటలు. గాలాల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సెస్ కట్టే పాత భవనాల పునర్నిర్మాణానికి ఉన్న 33(7), సమూహ పునర్నిర్మాణానికి ఉన్న 33(9) నిబంధనల్లో వ్యాపార స్థలం ఉన్న అద్దెదారుకు పాత విస్తీర్ణానికి సమానమైన చోటు ఇవ్వాలని ఉంది. 1996 జూన్ 13 తర్వాత కొత్తగా పుట్టించిన అద్దెహక్కులను లెక్కలోకి తీసుకోరు. మీ తాత, తండ్రుల నుంచి వస్తున్న హక్కు ఆ తేదీకి ముందుది. దాన్ని ఇప్పుడు ఇచ్చేస్తే మళ్లీ సంపాదించే దారి లేదు. అమ్మితే యజమాని తన వాటా తీసుకుంటాడు, వాడుకలో అది మూడో వంతు దాకా పోతుంది. చేతికొచ్చిన మిగతా సొమ్ము పైన వేసిన లెక్క ప్రకారం ఎన్నేళ్ల కుర్చీలకు సరిపోతుందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ ఏళ్లు గడిచాక ఏముంటుందో కూడా రాసుకోండి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పిల్లలు కుర్చీ తీసుకోవచ్చు. గిరాకీ ఎలా వస్తుందో చూడటానికి, నలుగురితో పరిచయానికి, చిరునామాకు, ఆరు నెలలో ఏడాదో తీసుకోవడం మంచిదే. పని వచ్చిన డబ్బుతో కుర్చీ ఖర్చు కట్టాలి, గాలా అమ్మిన డబ్బుతో కాదు. గాలాను బంద్ చేసి ఉంచవద్దు. చాలాకాలం వాడకుండా ఉంచడం కూడా యజమానికి కోర్టులో దొరికే కారణాల్లో ఒకటి. అందులో జరీ పనో, కుట్టు పనో, పార్సిళ్లు కట్టే పనో నడుస్తూ ఉండాలి.

"మరైతే మా గాలాలోనే నాలుగు బల్లలు వేసి బయటివాళ్లకు నెలకు ఇస్తే?" అని ఒక కుర్రవాడు అడిగాడు. ఆలోచన తెలివైనదే కానీ ప్రమాదం. యజమాని రాతపూర్వక సమ్మతి లేకుండా ఇంకొకరికి ఇవ్వడం ఉపఅద్దె కింద వస్తుంది, ఖాళీ చేయించడానికి అది బలమైన కారణం. సొంత కుటుంబ సభ్యులు కూర్చొని పనిచేసుకోవచ్చు. బయటివాళ్లను భాగస్వాములుగా చేర్చుకునేటప్పుడు కూడా వకీలును అడగకుండా కాగితం రాయవద్దు.

పునర్నిర్మాణం పూర్తయ్యాక సంగతి వేరు. అప్పుడు గాలా మన సొంత హక్కు మీద ఉంటుంది. పక్కపక్కనే గాలాలు వచ్చే పది కుటుంబాలు ముందే మాట్లాడుకుంటే, మధ్యలో ఒక మీటింగు గది, ఒక ఇంటర్నెట్ లైను, ఫొటోలకు వెలుతురున్న ఒక మూల ఉమ్మడిగా పెట్టుకోవచ్చు. లోయర్ పరేల్‌లో నెలకు వేలు పోసి కొనుక్కునేది అదే. ఇందుకు ప్లాను దశలోనే వ్యాపార గాలాలన్నీ ఒకే వరుసలో, రోడ్డు వైపు రావాలని అడగాలి. గోడలు లేచాక అడిగితే వినేవాడుండడు.

గాలా ఉన్నవాళ్లు ఈలోగా చేయవలసిన పని కాగితాలు సరిచేసుకోవడం. 1996కు ముందటి అద్దె రసీదులు, పాత కరెంటు బిల్లులు, గుమాస్తా లైసెన్సు, తండ్రి లేకపోతే మరణ ధ్రువపత్రం, వారసుల సమ్మతి పత్రం ఒకే ఫైలులో పెట్టుకోండి. రసీదు మీద పేరు, కరెంటు బిల్లు మీద పేరు, ఆధార్ మీద పేరు ఒకలా లేకపోతే ఇప్పుడే అఫిడవిట్ చేయించండి. ఆఫీసు ఒప్పందం చదివించుకోవాలన్నా, ఈ ఫైలు చూపించుకోవాలన్నా ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకు రండి. జిరాక్సులు మాత్రమే తీసుకురండి, అసలు కాగితాలు ఇంట్లోనే ఉంచండి.